వాకిట్లో మనిషి పేరు

మా సండే స్కూల్లో లాజరు కథకి ఒక బొమ్మల చార్టు ఉండేది. పైసగం పసుపు, కిందిసగం ఎరుపు. పసుపులో తెల్లగడ్డం అబ్రాహాము, ఆయన ఒళ్ళో అప్పుడే స్నానం చేయించి కూర్చోబెట్టినట్టున్న లాజరు. ఎరుపులో నాలుక బయటపెట్టి చేతులు చాచిన ధనవంతుడు. టీచరమ్మ చేతిలో కర్ర ఎప్పుడూ ముందు ఎరుపు మీదకే వెళ్ళేది. కానుకకని ఇంట్లో ఇచ్చిన రూపాయిలో అర్ధరూపాయి జేబులో దాచుకున్నవాళ్ళం ఆ అయిదు నిమిషాలూ తలెత్తేవాళ్ళం కాదు.

చాలా ఏళ్ళ తర్వాత, చర్చికి వెళ్ళడం బాగా తగ్గిపోయాక, ఆ కథని ఒక కథగా కూర్చుని చదివాను. లూకా సువార్త 16వ అధ్యాయం చివర్లో పదమూడే వచనాలు. చార్టులో ఎవరూ గీయనివి రెండు కనిపించాయి. ఒకటి ధనవంతుడి ఇంటి గేటు. రెండోది అతని అయిదుగురు అన్నదమ్ములు. ఆ రెండూ పెట్టుకుని చదివితే, చిన్నప్పుడు నన్ను భయపెట్టిన కథ ఇది కాదు. ఇది నన్ను ఇంకో రకంగా ఇబ్బంది పెడుతుంది, దాని గురించే ఈ వ్యాసం.

తెలియనివాళ్ళకి కథ క్లుప్తంగా. ఒక ధనవంతుడు. ఖరీదైన ఊదారంగు బట్టలు, సన్నటి నార, రోజూ విందు. అతని వాకిట్లో ఒళ్ళంతా కురుపులతో లాజరు అనే బీదవాడు పడి ఉంటాడు. బల్ల మీంచి రాలిన ముక్కలు దొరికితే చాలనుకుంటాడు. కుక్కలొచ్చి ఆ కురుపులు నాకుతుంటాయి. ఇద్దరూ చనిపోతారు. లాజరుని దేవదూతలు అబ్రాహాము దగ్గరికి తీసుకెళ్తారు. ధనవంతుణ్ణి పాతిపెడతారు. ఆ తర్వాత కథలో ఉన్నదంతా సంభాషణే. పాతాళంలో మంటల్లోంచి ధనవంతుడు, దూరాన్నుంచి అబ్రాహాము. లాజరు అక్కడే ఉంటాడు గానీ మొదట్నుంచి చివరిదాకా ఒక్క మాటా మాట్లాడడు.

ధనవంతుడు చేసిన తప్పేమిటో లూకా చెప్పడు. కొట్టాడనలేదు, తరిమాడనలేదు, కుక్కల్ని ఉసిగొల్పాడనీ అనలేదు. లాజరు మంచివాడనీ, భక్తుడనీ కూడా అనలేదు. ఇది ఎంత వింత విషయమో తెలియాలంటే ఇలాంటి కథే మరొకటి పక్కన పెట్టుకోవాలి. రోమన్ల కాలపు ఈజిప్టు పాపిరస్ ఒకదాని మీద డెమోటిక్ లిపిలో సెత్నె అనే రాకుమారుడి కథ ఉంది. సెత్నె తన ఇంట్లోంచి రెండు శవయాత్రలు చూస్తాడు. ఒక ధనవంతుణ్ణి ఏడుపులతో, ఆర్భాటంగా తీసుకెళ్తుంటారు. ఒక బీదవాణ్ణి చాపలో చుట్టి మోసుకెళ్తుంటే వెనక నడిచేవాళ్ళు కూడా ఉండరు. పోతే ఆ ధనవంతుడిలా పోవాలి అనుకుంటాడు సెత్నె. కొడుకు అతన్ని మృతుల లోకానికి తీసుకెళ్ళి చూపిస్తాడు. అక్కడ ధనవంతుడి నారబట్టలు బీదవాడి ఒంటిమీద ఉంటాయి. ధనవంతుడి కుడికంట్లో ఆ లోకపు తలుపు ఇరుసు దిగి ఉంటుంది. తలుపు తెరిచినా మూసినా ఆ కంట్లోనే తిరుగుతుంది. (ఈ బొమ్మ మా చార్టులో లేనందుకు ఇప్పటికీ సంతోషం.) 1918లో హూగో గ్రెస్మన్ అనే జర్మన్ పండితుడు ఈ కథకీ లూకా కథకీ ఉన్న పోలిక ఎత్తి చూపాడు. అప్పట్నుంచీ దీని మీద చర్చ నడుస్తూనే ఉంది.

పోలిక కంటే నాకు తేడా ముఖ్యం. ఈజిప్టు కథలో తూకం ఉంది. బీదవాడి మంచిపనులు చెడ్డపనుల కంటే ఎక్కువ తూగాయి, ధనవంతుడివి తక్కువ తూగాయి. లెక్క తేలింది, చదివేవాడికి నిశ్చింత. లూకా ఆ త్రాసు తీసి పారేశాడు. మిగిలింది ఒక గేటు, దానికి అటూ ఇటూ ఇద్దరు మనుషులు. పాపాల జాబితా ఉంటే మనం మన జాబితాతో పోల్చి చూసుకుని ఊపిరి పీల్చుకోవచ్చు. ఇక్కడ పోల్చుకోవడానికి ఏమీ లేదు, రోజూ భోజనం చేయడం తప్ప. 4వ శతాబ్దం చివర్లో అంతియొకయలో జాన్ క్రిసొస్తొమ్ ఈ కథ మీద వరసగా ప్రసంగాలు చేశాడు. ఉన్నది పంచకపోవడం కూడా దొంగతనమే అనేది ఆయన వాదన. బలమైన వాదనే. కానీ అది కూడా ఒక నేరం కోసం వెతకడమే అనిపిస్తుంది నాకు. నేరం పేరు చెప్పకుండా వదిలేయడమే ఈ కథ బలం.

ఇక పేరు సంగతి. యేసు చెప్పిన ఉపమానాల్లో పేరున్న పాత్ర, తండ్రి అబ్రాహాముని మినహాయిస్తే, లాజరు ఒక్కడే. తప్పిపోయిన కొడుక్కి పేరు లేదు, మంచి సమరయుడికి పేరు లేదు. దేవుడు సాయం చేశాడు అనే అర్థమున్న ఎలియాజరు అన్న హీబ్రూ పేరే గ్రీకులో లాజరు అయింది. ధనవంతుడికి పేరు లేకపోవడం పాతకాలపు లేఖకుల్లో కొందరికి నచ్చలేదు. 3వ శతాబ్దం నాటిదనే ఒక పాపిరస్ ప్రతిలో అతనికీ ఓ పేరు తగిలించారు. అది నిలవలేదు. మన ఊళ్ళలో లాజరు అనే పేరున్న తాతలు ఎంతమందో. ఊదారంగు బట్టలాయన పేరు పెట్టుకున్నవాళ్ళు లేరు.

1968 మార్చి 31న, హత్యకి నాలుగు రోజుల ముందు, వాషింగ్టన్ నేషనల్ కెథీడ్రల్‌లో మాట్లాడుతూ మార్టిన్ లూథర్ కింగ్ ఈ కథ ఎత్తుకున్నారు. ధనవంతుడు నరకానికి వెళ్ళింది డబ్బున్నందుకు కాదంటారు ఆయన. అబ్రాహాము కూడా బాగా ఉన్నవాడే, కాబట్టి ఇది నరకంలో ఉన్న లక్షాధికారికీ పరలోకంలో ఉన్న కోటీశ్వరుడికీ మధ్య సంభాషణ అని చమత్కరించారు. ధనవంతుడి తప్పల్లా రోజూ లాజరు పక్కనుంచే వెళ్తూ అతన్ని నిజంగా చూడకపోవడం అన్నారు. బీదల యాత్రకి మనుషుల్ని కూడగడుతున్న నాయకుడు, కళ్ళు తెరవమని దేశానికి చెప్తున్న సందర్భం. అక్కడ ఆ మాట సరిగ్గా అతికింది.

అయినా కథ దగ్గర ఆగి చూస్తే ఆయనతో నాకు పేచీ ఉంది. పాతాళంలోంచి తలెత్తిన ధనవంతుడు అంత దూరాన్నుంచి లాజరుని చూసి గుర్తుపడతాడు. పేరు పెట్టి అడుగుతాడు. పరిచయం చేయడానికి మధ్యలో ఎవరూ లేరు. అంటే బతికున్నప్పుడే అతనికి ఆ ముఖం తెలుసు, ఆ పేరూ తెలుసు. చూడకపోవడం కాదు సమస్య. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో తీర్పు దినాన ఎడమవైపు నిలబడినవాళ్ళకి కనీసం ఒక సాకు ఉంది. నువ్వు ఆకలితో ఉండగా మేమెప్పుడు చూశాం అని అడగగలిగారు. ఈ ధనవంతుడు అది కూడా అడగలేడు.

పేరు తెలిసినవాణ్ణి ఇప్పుడు ఏం కోరుతున్నాడు? వేలి కొన నీళ్ళలో ముంచి నా నాలుక చల్లార్చడానికి లాజరుని పంపించు అంటున్నాడు. అడగడం కూడా లాజరుని కాదు, అబ్రాహాముని. ఒక పెద్దమనిషి ఇంకో పెద్దమనిషిని మీ పనివాణ్ణి ఒకసారి ఇటు పంపిస్తారా అని అడిగినట్టు. అది కుదరదన్నాక రెండోసారి, అయితే మా నాన్నగారింటికి పంపించు అంటాడు. మొదట నీళ్ళ పని, తర్వాత కబురు పని. ఒళ్ళు కాలుతున్నా ఆ అలవాటు మాత్రం కాలలేదు. అబ్రాహాముని తండ్రీ అని మూడుసార్లు పిలిచాడు. లాజరుతో ఒక్కమాట, క్షమించమనో, కనీసం ఎలా ఉన్నావనో, అనలేదు.

ఈ వ్యాసం రాయాలని నోట్సు రాసుకుంటున్న వారమే మా ఇంట్లో పనిచేసే ఆవిడ నాలుగు రోజులు రాలేదు. మా అపార్ట్‌మెంట్ గేటుకి ఒక యాప్ ఉంది. అందులో ఆవిడ ఫొటో, పేరు, ఏ రోజు ఎన్నింటికి లోపలికొచ్చిందో, ఎన్నింటికి బయటికెళ్ళిందో మూడేళ్ళ లెక్క ఉంది. అయిదో రోజు పొద్దున సెక్యూరిటీకి ఫోన్ చేశాను. పేరు పెట్టే చెప్పాను. ఆవిడ వస్తే ముందు మా ఫ్లాటుకి పంపించండి అన్నాను. ఫోన్ పెట్టేశాక టేబుల్ మీద తెరిచి ఉన్న పుస్తకం చూసి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆవిడకి జ్వరం. ఆ సంగతి యాప్‌లో ఉండదు, నేనూ అడగలేదు. మూడేళ్ళుగా పేరు తెలుసు. చిన్నప్పుడు దాచుకున్న అర్ధరూపాయికి పడ్డంత సిగ్గు కూడా పడకుండా ఆ ఫోన్ చేశానే అన్నది మాత్రం గుచ్చుకుంది.

అగాధం దగ్గరికి వద్దాం. ధనవంతుణ్ణి అబ్రాహాము తిట్టడు. బిడ్డా అనే పిలుస్తాడు. మనిద్దరి మధ్యా ఒక పెద్ద అగాధం ఉందంటాడు. అది ఎందుకుందో చెప్పేటప్పుడు, ఇక్కణ్ణుంచి మీ దగ్గరికి రావాలనుకునేవాళ్ళు రాలేకుండా అన్నది ముందు చెప్తాడు. అక్కణ్ణుంచి ఇక్కడికి దాటడం సంగతి తర్వాత. సుఖంగా ఉన్నచోటు వదిలి మంటల వైపు రావాలనుకునేవాళ్ళు ఎవరుంటారు? ఆ వైపు మనకి కనిపిస్తున్నది అబ్రాహామూ లాజరూ ఇద్దరే. లాజరు లేవబోయాడేమో. నీళ్ళు తీసుకురావడానికి వేలు ముంచాడేమో. కథ చెప్పదు, నేను ఊహిస్తున్నాను. కానీ ఆ వాక్యం ఆ ఊహకి చోటిచ్చింది. బతికున్నప్పుడు ఆ ఇద్దరి మధ్యా ఉన్నది ఒక గేటు. లోపలివాడు చెయ్యి చాపితే తెరుచుకునేది. ఇప్పుడు తెరవడానికి ఎవరి చేతుల్లోనూ లేదు. నిత్యశిక్ష అంటే పైనుంచి ఎవరో వేసిన కొత్త శిక్ష అని కాకుండా, ఆ గేటు అలాగే బిగుసుకుపోవడం అని చదివితే ఈ కథ నాకు అర్థమవుతుంది. ఇది వేదాంతం ప్రకారం ఎంతవరకు సరైనదో పాస్టరుగార్లు చెప్పాలి.

ఆ అగాధాన్ని దాటించడానికి చిన్న తాడు వేసి చూసినవాడు దోస్తోయెవ్‌స్కీ. 'కరమజోవ్ సోదరులు' నవలలో గ్రూషెంక అల్యోషాకి ఒక ఉల్లిపాయ కథ చెప్తుంది. ఒక దుర్మార్గపు ముసలమ్మ చచ్చిపోతే దయ్యాలు అగ్నిసరస్సులో పడేస్తాయి. ఆమె జీవితంలో ఒక్క మంచిపనైనా ఉందా అని ఆమె దేవదూత వెతుకుతాడు. తోటలోంచి ఒక ఉల్లిపాయ పీకి బిచ్చగత్తెకి ఇచ్చిందని దొరుకుతుంది. ఆ ఉల్లిపాయే అందించు, పట్టుకుని పైకి రాగలిగితే రానీ అంటాడు దేవుడు. వస్తూనే ఉంటుంది. కింద ఉన్నవాళ్ళు ఆమె కాళ్ళు పట్టుకుంటారు. లాగుతున్నది నన్ను, ఉల్లిపాయ నాది అని వాళ్ళని తన్నుతుంది. ఉల్లి తెగుతుంది. ఈ కథని ఒక రైతు స్త్రీ చెప్పగా రాసుకున్నానని 1879లో తన సంపాదకుడికి రాసిన ఉత్తరంలో దోస్తోయెవ్‌స్కీ మురిసిపోయాడు.

పైకి చూస్తే ఇది లూకా కంటే మెత్తటి కథ. ఒక్క ఉల్లిపాయ చాలంటోంది. కానీ ముసలమ్మని మళ్ళీ కిందకి తోసింది దేవుడు కాదు, దయ్యాలు కాదు, నాది అన్న మాట. ధనవంతుడి పంపించు, ముసలమ్మ నాది. ఇద్దరూ బతికున్నప్పటి నోటితోనే మాట్లాడుతున్నారు.

డికెన్స్ మాత్రం అబ్రాహాముతో నేరుగా విభేదించాడు. చచ్చినవాళ్ళలోంచి ఒకరు వెళ్ళి చెప్తే మా అన్నదమ్ములు మారతారు అన్నది ధనవంతుడి చివరి వాదన. మోషే, ప్రవక్తలు చెప్పింది విననివాళ్ళు చచ్చి లేచినవాడు చెప్పినా వినరు అని అబ్రాహాము తోసిపుచ్చాడు. 1843లో వచ్చిన 'ఎ క్రిస్మస్ కారొల్'లో డికెన్స్ సరిగ్గా ఆ కబురే పంపించాడు. చచ్చిపోయిన వ్యాపార భాగస్వామి మార్లీ డబ్బుపెట్టెలూ తాళాలూ ఖాతాపుస్తకాలూ వేలాడుతున్న గొలుసుతో స్క్రూజ్ గదిలోకి వచ్చాడు. స్క్రూజ్ మారిపోయాడు, పండగ బాగా జరిగింది. నాకు ఆ పుస్తకం ఇష్టమే, కానీ ఆ మార్పు కంటే మొదటి భాగం చివర్లో ఉన్న కిటికీ దృశ్యం ఇంకా ఇష్టం. బయట గాలిలో దయ్యాలు తిరుగుతుంటాయి. కింద ఒక గుమ్మం దగ్గర చంటిబిడ్డతో ఒక పేదరాలు. ఆమెకి సాయం చేయలేక ఒక దయ్యం ఏడుస్తుంటుంది. సాయం చేయాలని ఉండి చేయలేకపోవడమే వాటి శిక్ష. ధనవంతుడు ఆ మెట్టు దాకా కూడా రాలేదని అక్కడ నాకు తట్టింది. మంటల్లో కూడా అతనికి సాయం పొందాలనే ఉంది.

మరి అబ్రాహాము ఎందుకంత ఖచ్చితంగా కాదన్నాడు? నా సండే స్కూలుకి సంబంధించిన చిక్కు ఇక్కడే ఉంది. ఈ కథలో మంటలున్నాయి, దాహం ఉంది, వెనక్కి రాలేని చోటు ఉంది. భయపెట్టడానికి కావలసినవన్నీ ఉన్నాయి. కానీ కథ తన చివరి మాటగా, భయపెట్టే కబురు పని చేయదు అంటోంది. పాతాళం గురించి విని మారేవాళ్ళు ఉండరు, బీదవాడికి అన్నం పెట్టమని చెప్పిన పాత మాటలు ఎప్పట్నుంచో ఇంట్లో ఉన్నాయి, వినదలచుకుంటే అవి చాలు అంటోంది. ఎరుపురంగు మీద కర్ర పెట్టి చెప్పే ప్రతి ప్రసంగమూ ధనవంతుడి వాదననే నమ్ముతోందన్నమాట. అబ్రాహాము ఒప్పుకోని పని పాస్టర్లు ప్రతి ఏటా చేస్తున్నారు. దానికి నేను ఎవరినీ పెద్దగా తప్పు పట్టలేను. చార్టు గీసినవాడికి భయం గీయడం తేలిక.

దీనికి అవతలి వైపు ఇంకో వాడకం ఉంది, దాని మీదే నాకు ఎక్కువ కోపం. ఇప్పుడు ఓర్చుకో, అక్కడ నెమ్మది దొరుకుతుంది అని లాజరులకే ఈ కథ చెప్పడం. లూకా ఈ కథ ఎవరికి చెప్పినట్టు రాశాడో రెండు పేరాల పైన ఉంది. డబ్బంటే ఇష్టమున్న పరిసయ్యులు వింటూ ఎగతాళి చేస్తుంటే వాళ్ళకి చెప్పినది. లాజరుకి ఓర్పు నేర్పడం దీని ఉద్దేశం కాదు.

మన నేల మీద ఈ కథ విన్నవాళ్ళలో ఎక్కువమంది గేటు బయటివాళ్ళే. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకానికి కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని చూపించాడు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ పనులు సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఎక్కువమంది మాదిగలు. ఊరి బావికీ గుడికీ దూరంగా ఉంచబడినవాళ్ళకి వాకిట్లో పడి ఉన్న మనిషికి దేవుడి దగ్గర పేరుంది అన్న కథ ఎలా వినపడి ఉంటుందో నాకు ఊహించాలని ఉంటుంది. వాళ్ళు దాన్ని ఓర్పు పాఠంగా మాత్రమే విన్నారంటే నమ్మను.

అయితే మన అనువాదం ఆ పేరుని సగమే ఇచ్చింది. మా ఇంట్లో అమ్మమ్మ చదివిన పాత తెలుగు బైబిల్లో ధనవంతుడు 'అతడు', లాజరు 'వాడు'. రెండు వాక్యాల తేడాలో ఇద్దరు మనుషులకి రెండు సర్వనామాలు. గ్రీకులో ఈ తేడా లేదు. అనువాదకులు కావాలని చేశారనను. తెలుగులో కురుపులతో వాకిట్లో పడి ఉన్నవాడికి వాడు అన్నమాటే నోటికొస్తుంది. ఆ అంతరం ఇంకెక్కడో ఉన్న పాతాళంలోది కాదు, మన వ్యాకరణంలోది. అమ్మమ్మ ఆ భాగం బిగ్గరగా చదివేటప్పుడు ఆ పదం దగ్గర ఎన్నడూ ఆగలేదు, నేనూ ముప్పై దాటేదాకా గమనించలేదు.

లాజరు తెలుగులో నోరు విప్పింది జాషువా దగ్గర అనుకుంటాను. 1941 నాటి 'గబ్బిలం'లో క్రైస్తవ పాత్ర లేదు, లాజరు ప్రస్తావన లేదు. గుడి లోపలికి రానివ్వని మనిషి ఒకడు, గుడిలో వేలాడగలిగే గబ్బిలాన్ని బతిమాలి శివుడికి తన గోడు పంపించుకుంటాడు. వినుకొండలో క్రైస్తవుడిగా పెరిగి, తర్వాత క్రీస్తు చరిత్ర కూడా రాసిన కవి ఇది రాశాడని గుర్తుంచుకుని చదివితే ఒక తిరగబాటు కనిపిస్తుంది. లూకాలో పంపించు అన్నవాడు ధనవంతుడు, కబురు తీసుకెళ్ళాల్సినవాడు లాజరు. జాషువాలో కబురు పంపేవాడే గేటు బయటి మనిషి. చచ్చిపోయాక దొరికే ఒడి కోసం అతను ఎదురుచూడడు. ఇప్పుడు, ఈ దేశంలో, ఈ తలుపు ఎందుకు మూసి ఉంది అని అడుగుతాడు. దేవుడికే అడుగుతాడు. లూకా మౌనంగా వదిలిన చోటు అది.

ఇక చార్టులో లేని ఆ అయిదుగురు. కథ ముగిసేసరికి ధనవంతుడి పని అయిపోయింది, లాజరు సంగతీ తేలిపోయింది. తేలనిది వాళ్ళ సంగతే. అన్న పోయిన తర్వాత కూడా ఆ తండ్రి ఇంట్లో విందులు సాగుతూనే ఉండి ఉంటాయి. వాళ్ళు విన్నారో లేదో లూకా రాయలేదు. ఈ మధ్య చదువుతున్నప్పుడు నేను ఆగుతున్నది ధనవంతుడు వాళ్ళకి పంపబోయిన కబురు దగ్గర. తమ్ముళ్ళ మీద ప్రేమ చూపించాడు కదా, మనిషి కొంచెం మెత్తబడ్డాడు అని చాలామంది వ్యాఖ్యాతలు అతనికి ఆ మార్కులు వేస్తారు. నేనూ వేసేవాణ్ణి. కానీ ఆ కబురులో ఏముంది? వాళ్ళు కూడా ఈ బాధల చోటికి రాకుండా హెచ్చరించమన్నాడు, అంతే. అంత పెద్ద ఇంటి వాకిట్లో ఇప్పుడూ ఎవరో ఒకరు పడుకునే ఉంటారు. ఆ మనిషికి ఒక రొట్టెముక్క పెట్టమని చెప్పమనలేదు.